శీతకాలమున గృహస్థుని వారపు పనులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)

  

ఈ రజతోత్సవ సభలో నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను గురువుల కడ కూర్చుండి సాహిత్యము చదివినవాడను గాను. పగలు గ్రామ లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ ఈ గ్రంథాలయపు బల్లకడ భారత భాగవతములను కూడబలుకుకొన్నవాడను. నాకు ముందు మాటలాడిన పెద్దలు కావ్యములను గూర్చి చక్కగా ప్రసంగించిరి. నేను లెక్కలవాడను గనుక ఇంటి లెక్క చెప్పెదను. శీతకాలమున వారము వారము గృహస్థుడు చేసికొనవలసిన పనులెవ్వి, అవి ఆపదవేళ ఎట్లు అక్కరకు వచ్చును అనునదే నా ప్రసంగ విషయము.

గ్రంథాలయ సభలో ఇంటి కప్పును గూర్చియు, పలుపుతాళ్ళను గూర్చియు ప్రసంగమేమని కొందరనుకొనవచ్చును. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమని మన పెద్దలు చెప్పిరి. చదువు అనునది ఒక దీపము. ఆ దీపపు వెలుగున మొట్టమొదట చక్కబడవలసినది మన ఇల్లే గదా!

ఇతర ప్రాంతములవారికి శీతకాలమనగా చలి. మనకో, కార్తికము మొదలు పుష్యము వరకు రెండు పనులు ఒక్కసారి వచ్చి మీదపడును. పొలములో వరి కోతకు వచ్చును. సముద్రములో వాయుగుండము పుట్టును. మన ఊరి పేరులోనే దీవి యున్నది. ఒకవైపు సముద్రము, మడ అడవులు, ఉప్పునీటి పాయలు. మరియొకవైపు కృష్ణ పడమటి డెల్టా కాలువల చివరి భూములు. వేసవిలో కాలువ నీరు మనకు చిట్టచివర అందును. వానకాలమున పైనుండి దిగివచ్చు మురుగు నీరు మన పొలముల మీదుగానే సముద్రమునకు పోవలెను. ఇట్టి చోట కాపురముండువాడు ఏమరియుండుట తగదు.

గతమును ఒకమారు తలచుకొందము. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19, శనివారము, కార్తిక శుక్లపక్షమున, చీరాలకు సమీపమున తీరము దాటిన తుపాను దివిసీమను, మన తీరమును ముంచెత్తెను. కొన్నిచోట్ల సముద్రపు నీరు 5 మీటర్లకు పైగా లేచి మైళ్ళ కొలది లోనికి వచ్చినది. ప్రభుత్వము వారి లెక్క ప్రకారమే మృతులు దాదాపు 10,000 మంది. 1990 మే 9న మరియొక తుపాను కృష్ణానదీ ముఖమునకు సమీపమున తీరము దాటెను. గాలి బలమున అది 1977 నాటి దానికి తీసిపోయినది కాదు. అయినను ఆ ఏట మృతుల సంఖ్య వెయ్యికి లోపుగనే నిలిచెను.

సోదరులారా, ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. పదివేలు, వేయి. ఈ తేడా ఎక్కడనుండి వచ్చినది? 1990 నాటికి ఉపగ్రహముల ద్వారా హెచ్చరికలు అందినవి. తీరము వెంబడి తుపాను రక్షణ భవనములు లేచినవి. లక్షల మందిని ముందుగానే ఇండ్లనుండి తరలించిరి. గాలి మారలేదు, సముద్రము మారలేదు. మనుష్యులు సకాలమున ఇల్లు విడిచి వెడలిరి. అంతయు అందులోనే యున్నది.

మరి 1977లో వినినవారు కూడ ఏల కదలలేదు? రేడియోలో చెప్పినారని తెలిసినను కదలనివారు పలువురుండిరని పెద్దలు చెప్పగా వింటిమి. ఒకడు కోసిన పనలు పొలములో ఉన్నవనెను. ఒకడు గొడ్లను విడిచి రాననెను. ఒక ఇల్లాలు గాదె క్రింద దాచిన నాలుగు కాసుల బంగారము కొరకు వెనుకకు పోయెను. వీరిని మూర్ఖులనుట తగదు. ఇల్లు చెదరియున్నవాని మనస్సు ఇంటిలోనే యుండును. ఏ వస్తువు ఎక్కడ నున్నదో తెలియనివాడు ఒక్క గంటలో బయలుదేరలేడు. అందుచేత నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది: ఇల్లు సర్దుకొన్నవాడే వేళకు ఇల్లు విడువగలడు. ఆపద్దినమున చేయదగిన పనులు కొద్ది. తక్కినవన్నియు అంతకు ముందు వారములలో చేసియుండవలెను.

భారతములోని లాక్షాగృహ కథ మీరందరెరిగినదే. విదురుడు గూఢభాషలో ధర్మరాజును హెచ్చరించెను. పిమ్మట నేర్పరియైన ఖనకుని పంపెను. పాండవులు ఇంటికి నిప్పు అంటుకొన్న పిదప సొరంగము త్రవ్వుకొనలేదు. ముందుగానే రహస్యముగ బిలము సిద్ధపరచుకొని, పగలు వేట నెపమున అడవిలోని దారులన్నియు తెలిసికొని, రాత్రులందు ఏమరుపాటు లేక మెలగిరి. సుమారు ఏడాది అట్లు గడపిరి. కనుకనే కాలమాసన్నమైనపుడు తల్లిని వెంటబెట్టుకొని క్షేమముగ వెడలిరి. హెచ్చరిక విదురునిది, రక్షణము మాత్రము వారి ప్రతిదిన జాగరూకతయే. మనకు వాతావరణ శాఖవారే విదురులు. బిలము త్రవ్వుకొనవలసినవారము మనమే.

ఇక వారపు పనులకు వచ్చెదను. వారమునకు ఏడు రోజులు. రోజున కొక పని చొప్పున, అరగంటకు మించని శ్రమతో, ఇల్లంతయు చక్కబడు విధమును చెప్పెదను.

ఆదివారము ఇంటి కప్పు. తాటాకు ఇల్లయినచో నిట్టాడిని, వాసములను, వాని కట్లను చేతితో కదల్చి చూడవలెను. కట్టు సడలినచోట క్రొత్త తాడు వేయవలెను. పెంకుటిల్లయినచో చూరు వరుస పెంకులే మొదట లేచును, వానిని చూడవలెను. రేకుల ఇల్లయినచో కొక్కెములు, మరలు బిగించవలెను. గాలికి ఎగిరిన రేకు కత్తివంటిది. ఇంటిమీదికి వ్రాలు కొమ్మలను నరికించి, కొబ్బరిచెట్టు నుండి ఎండుమట్టలను, ముదిరిన కాయలను దింపించవలెను. డాబా ఇల్లు గలవారికి మరియొక పని కూడ కలదు. మేడమెట్ల మీద పేర్చిన సామానును తీయించవలెను. ఆపదరాత్రి ఆ మెట్లు ఇంటివారివి మాత్రమే కావు. ఇరుగుపొరుగు గుడిసెలవారివి కూడ.

సోమవారము దీపము. కార్తిక సోమవారమున మన ఆడువారు దీపములు వెలిగింతురు. ఆనాడే ఇంటిలోని టార్చిలైటును వెలిగించి చూడుడు. దాని బ్యాటరీలు తీసి తుడిచి పెట్టుడు. చేతిఫోనుకు నిండుగ చార్జి పెట్టుట, కొవ్వొత్తులను అగ్గిపెట్టెలను తడి తగులని మూతడబ్బాలో నుంచుట ఆనాటి పనులే. ఆ డబ్బా ఎక్కడ నున్నదో పిల్లవానికి కూడ తెలియవలెను. చీకటిలో వెదకబడు దీపము లేని దీపముతో సమానము.

మంగళవారము నీరు. మన సీమలో భూమిలోని నీరు చాలచోట్ల ఉప్పు. ఉప్పెన వచ్చినచో మంచినీటి చెరువు కూడ చెడును. లెక్క చూడుడు: మనిషికి రోజునకు త్రాగుటకు 3 లీటర్లు. ఐదుగురు గల ఇంటికి మూడు రోజులకు 45 లీటర్లు. మూతగల రెండు పెద్ద డబ్బాలు ప్రతి మంగళవారము కడిగి నింపుకొన్నచో ఈ లెక్క తీరును. పాత నీటిని మొక్కలకు పోయవచ్చును. వరద తగ్గిన పిదప ఏ నీటినైనను తెర్లించి చల్లార్చియే త్రాగవలెను. ఉప్పెన తీసినవారు పోగా, తరువాత వచ్చు వాంతులు విరేచనములు మరికొందరిని తీయును.

బుధవారము పశువులు. పలుపుతాడు నలిగినదేమో చూడవలెను. ముడి ఒక్క లాగుతో ఊడునట్లు వేయవలెను. 1977లో కట్టుగుంజల కడనే పశువులు గుంపులు గుంపులుగా మరణించినవి. వదలియుండినచో వానిలో కొన్నియైనను ఈది బ్రదికెడివి. నీరు వచ్చునని తెలిసినపుడు గొడ్లను మెరకకు తోలుట మొదటిపని. తోలుటకు వ్యవధి లేనిచో పలుపు విప్పి వదలివేయుట రెండవపని. కట్టి విడిచిపోవుట మాత్రము పాపము. గడ్డివామిని మెరక మీద వేసి, చుట్టును చిన్న కాలువ తీయవలెను. గొడ్లకొట్టములో చలిమంట వేసినచో ఆర్పియే నిద్రపోవలెను. చలికాలపు ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకు పండుగ చేసికొనును.

గురువారము పొలము, ధాన్యము. మురుగు బోదెలలోని తూడును, గుర్రపుడెక్కను తీసి నీరు పోవు దారి చూపవలెను. ఈ పని ఒక్కరివలన కాదు. ఎగువవాడు తీసి దిగువవాడు తీయకున్నచో ఇద్దరి చేలును మునుగును. బాపట్ల పరిశోధనా కేంద్రమున పుట్టి 1986లో విడుదలయైన సాంబమసూరి, బి.పి.టి. 5204 అని మనము పిలుచునది, రుచిలో మేటి. కాని గింజకు నిద్రాగుణము తక్కువ. తడిసిన పనమీదనే మొలక వచ్చును. కావున వాన సూచన యున్నపుడు కోత ఆపుట మేలు. కోసినదానిని వెంటనే కుప్ప వేయవలెను. కోసిన పన తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల వంతున ఉప్పు కలిపి, ఆ 5 శాతపు ద్రావణమును పనలమీద చల్లినచో మొలక చాలవరకు ఆగును. బరకము పట్టాలు చిరిగినచోట కుట్టించి, తాళ్ళతో సహా ఒకేచోట మడిచి యుంచవలెను. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన చేలో మినుము చల్లుట మన ఆచారము. చల్లుటకు ముందు ఆకాశవార్త వినుడు. విత్తనము నీటిలో మురిగినచో రెండవ పంట కూడ చేజారును.

2023 డిసెంబరు 5న, కార్తిక బహుళపక్షమున, మిచాంగ్ తుపాను బాపట్లకు దక్షిణముగా తీరము దాటినప్పుడు మన జిల్లాలో పడిపోయిన వరిచేలను మీరు కన్నులార చూచితిరి. ప్రాణములు దక్కినవని సంతోషించితిమి. పంట పోయినదని దుఃఖించితిమి. ఆ దుఃఖమును తుడుచుటకు మాటలు చాలవు. బోదె తీసిన చేలో నీరు ముందుగా దిగును. పట్టా సిద్ధముగా నున్న కుప్ప కొంతైనను నిలుచును. ఆ కొంత కౌలురైతు ఇంట ఒక ఏటి గ్రాసము.

శుక్రవారము వంటయిల్లు. ఇల్లాండ్రకు నేను చెప్పదగినది తక్కువ. అయినను లెక్కలవానిగా ఒక మాట మనవి చేసెదను. పొయ్యి రాజేయకయే తినదగినవి మూడు రోజులకు సరిపడ ఉండవలెను: అటుకులు, మరమరాలు, వేయించిన శెనగపప్పు, బెల్లము. ఎండుపుల్లలు కొన్ని అటకమీద నుంచవలెను. పెద్దవారు దినదినము వాడు మందులను వారమునకు సరిపడ వేరుగా కట్టిపెట్టవలెను. పసిపిల్ల యున్న ఇంట పాలపొడి, ఉప్పు చక్కెర ద్రావణపు పొట్లములు మరువరాదు. ఇవన్నియు ఒక సంచిలో నుంచి, ఆ సంచిని తలుపు వెనుక కొక్కెమునకు తగిలించవలెను. దానిలోనివి వారమువారము వాడుకొనుచు మరల నింపుచుండినచో పురుగు పట్టదు.

శనివారము పత్రములు, మనుష్యులు. ఇది నా శాఖ. కరణీకము 1984లో పోయినది గాని, కాగితముల అవసరము పోలేదు. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లల చదువు పత్రములు: ఇవన్నియు ఒక ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి, ఇందాక చెప్పిన సంచిలోనే ఉంచుడు. వాని ఛాయాచిత్రములను ఫోనులో తీసి పొరుగూరి బంధువునకు పంపియుంచుడు. పైరు పెట్టిన ప్రతివాడును, కౌలుదారుడైనను సరే, ఈ-పంటలో పేరు నమోదైనదో లేదో చూచుకొనవలెను. పంట పోయిన పిదప పరిహారము వ్రాయు చేతికి కావలసినది ఆ నమోదే. చాలమంది రైతుల కన్నీళ్ళు నేను చూచితిని. కన్నీటికి సర్వే నంబరు ఉండదు.

కాగితముల తరువాత మనుష్యులు. మీ వీధిలో ఒంటరిగా నున్న అవ్వ ఎవరు? నడువలేని తాత ఎవరు? నెలలు నిండిన ఆడుబిడ్డ ఏ ఇంట నున్నది? శనివారము సాయంకాలము ఒకమారు వారి గుమ్మము త్రొక్కి రండు. "అవ్వా, గాలివాన వచ్చిన నిన్ను తీసికొనిపోవువాడ నేనే" అని ముందుగా చెప్పియుంచుడు. ఆ మాట లేనిచో ఆమె ఆ రాత్రి ఎవరికొరకు తలుపు తీయవలెను?

ఇంతవరకు వారపు పనులు. ఇక హెచ్చరిక వచ్చిన పిదప మిగులునవి చాల కొద్ది. వాతావరణ శాఖవారు నాలుగు దశలుగా చెప్పుదురు. దాదాపు 72 గంటల ముందు మొదటి సూచన. 48 గంటల ముందు అప్రమత్తత. 24 గంటల ముందు హెచ్చరిక. తీరము దాటుటకు 12 గంటల ముందు, భూమిమీదికి వచ్చిన పిదప ఏమగునను ముందుచూపు. మొదటి దశలో కోత ఆపుడు, పడవలను ఒడ్డు చేర్చుడు. రెండవ దశలో ధాన్యము మెరకకు చేర్చి, నీరు నింపుకొనుడు. మూడవ దశలో గొడ్లను తోలి, వృద్ధులను, పిల్లలను, గర్భిణులను రక్షణ భవనమునకు పంపుడు. నాలుగవ దశలో విద్యుత్తు మెయిను ఆపి, సంచి చేతబట్టి, తలుపు గడియ వేసి వెడలుడు. రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు మొత్తము పదునొకండు. పదవది మహాప్రమాదము. పదునొకండవదాని అర్థము హెచ్చరిక కేంద్రముతో సంబంధములే తెగిపోయినవని. దానికొరకు వేచియుండువాడు లేడనుకొందును.

మరి రెండు సంగతులు మనస్సున నుంచుకొనదగినవి. మన అర్ధగోళమున తుపాను గాలి ఎడమచేతి వైపునకు తిరుగును. అది బాపట్ల, చీరాలల దెస తీరము దాటినచో మనము దాని కుడిప్రక్కన ఉందుము. గాలి సముద్రమును మనమీదికే త్రోయును. "తుపాను ఇక్కడ కాదట, చీరాల దగ్గరనట" అని నిశ్చింతగ కూర్చుండుట మనకు చెల్లదు. రెండవది తుపాను కన్ను. నడిమి భాగము మీదుగా పోవునపుడు గాలి ఒక్కసారి నిలిచి, ఆకాశము తేటపడును. కొంతసేపటికి ఎదుటి దిక్కునుండి గాలి మరల విజృంభించును. ఆ నడిమి శాంతిని నమ్మి బయటికి వచ్చినవారు ఎందరో పోయిరి.

"మూడుమార్లు చెప్పిరి, మూడుమార్లును రాలేదు, నాలుగవమారు ఏల పోవలెను?" అని అడుగువారు కలరు. లెక్క వేయుడు. రాని తుపాను కొరకు రక్షణ భవనమున ఒక రాత్రి గడపిన ఖర్చు ఎంత? ఒక రాత్రి నిద్ర, కొన్ని దోమకాట్లు. వచ్చిన తుపాను కొరకు పోకుండుట వలన ఖర్చు ఎంత? ఆ పద్దు వ్రాయుటకు ఇంట ఎవరును మిగులరు. 1977ను కన్నులార చూచినవారు మన ఊళ్ళలో ఏటేట తగ్గిపోవుచున్నారు. ఏబది ఏండ్లు నిండనివారికి అది వినుకలి మాత్రమే. ఆ పెద్దలు పోయిన పిదప భయము కూడ పోవునేమో యని నా భయము.

ఇక్కడనే గ్రంథాలయమునకు పని యున్నది. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున అగ్ని, వరద మొదలుగా ఎనిమిది మహాభయములను పేర్కొని వానికి ప్రతిక్రియలు చెప్పెను. వానకాలపు రాత్రులందు ఏటిగట్టు గ్రామములవారు గట్టునకు దూరముగ నుండవలెననియు, పలకలు, వెదుళ్ళు, పడవలు సమకూర్చుకొనవలెననియు విధించెను. ప్రవాహమున కొట్టుకొనిపోవువానిని చూచియు సాయపడనివానికి, పడవ లేనివానికి తప్ప, పండ్రెండు పణముల దండుగ వేసెను. అది రాజశాసనము. మనకు శాసనమేల? వాకిటిలోని ఈ నల్లబల్ల చాలును.

నా కోరికలు మూడు. కార్తికము మొదలు పుష్యము వరకు ప్రతి సాయంకాలము ఆనాటి వాతావరణ వార్తను గ్రంథాలయపు నల్లబల్లమీద తెలుగులో, పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చదువురానివారికి ఒకరు చదివి వినిపించవలెను. వీధివారీగా వృద్ధుల, రోగుల, గర్భిణుల పట్టిక ఒకటి ఇక్కడ నుండవలెను. దానిని శనివారము శనివారము సరిచూచుటకు నేను పూనుకొందును. 1977ను చూచిన పెద్దలను కూర్చుండబెట్టి, వారి మాటలను వారి నోట వినినట్లే వ్రాసి, ఒక పుస్తకముగా కుట్టి ఈ బీరువాలో నుంచవలెను. ఆ పుస్తకమును మాత్రము క్రింది అరలో నుంచకుడు. క్రింది అర నీటిదని తలచి, శీతకాలమున ఖాళీగ విడువవలెను.

పాతిక సంవత్సరములుగా ఈ గ్రంథాలయము మనకు లోకములోని సంగతులు చెప్పినది. రాబోవు పాతిక సంవత్సరములలో మన సంగతులు మనకు జ్ఞప్తి చేయుచుండుగాక! పంట పండుగాక! గాదెలు నిండుగాక! ఏ శీతకాలపు రాత్రి తలుపు తట్టినను, ప్రతి ఇంట ఆ సంచి కొక్కెమునకు వ్రేలాడుచుండుగాక!